వీధిలో తొట్టెల

మగ్గం చప్పుడు ఆగిందంటే చాలు, ఎదురింటి అరుగు మీద నుంచి కేక వినబడేది.

"బుచ్చిరాములూ! ఉన్నవా?"

"ఉన్న!"

గుంత మగ్గంలో కాళ్లు పెట్టి కూచున్న బుచ్చిరాములు తల ఎత్తకుండానే బదులు పలికేవాడు. తెగిన పోగు అతకడానికి ఆగినా అదే కేక, చెంబెడు నీళ్లు తాగడానికి ఆగినా అదే కేక. ఆ కేకకు బొంత మీది పసిపిల్ల ఉలిక్కిపడి, రెండు చేతులూ గాలిలోకి చాచి, పట్టుకోవడానికి ఏమీ దొరకనట్టు వేళ్లు ఆడించేది. తల్లి కిష్టవ్వ ఏ మూలన ఉన్నా వచ్చి దాని రొమ్ము మీద అరచెయ్యి ఆనించి, మగ్గం మళ్లీ మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టి కూచునేది.

కేక పోలీసు జవాను అంబదాసుది. చాందా దిక్కు మనిషి. మాటలో మరాఠీ కలిసేది. ఎదురిల్లు బొంబాయి మిల్లుకు పోయినవాళ్లది. తాళం పడిన ఆ ఇంటి అరుగు మీద పొద్దున వచ్చి కూచుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాడు. దొరలకు ఎదురు నిలిచిన సంఘంలో తిరిగాడని బుచ్చిరాముల్ని జైల్లో పెట్టి, కిందటేడు దీపావళికి వదిలిపెట్టారు. మనిషిని వదిలారు గాని కన్ను వదల్లేదు. ఊరు దాటొద్దు, ఇంటికి ఎవరు వచ్చినా తెలియాలి. ఠాణాలో అమీన్ సాబ్ పెట్టిన కట్టడి అది.

అంబదాసుకు రాత రాదు. చూసింది చూసినట్టు మనసులో పెట్టుకుని, పొద్దుగూకినాక ఠాణాలో కుమ్మరించి పోయేవాడు. తెల్లవారితే, ఆ ఇంటి గడప తొక్కిన మనిషి తాలూకు ఇంటాయనకు పిలుపు వచ్చేది. కొట్టేవాళ్లు కాదు, తిట్టేవాళ్లు కాదు. వసారాలో పగలంతా కూచోబెట్టి, సాయంత్రం "ఏం పని మీద పోయిన్రు మీ ఇంటోళ్లు?" అని ఒక్క మాట అడిగి పంపేవాళ్లు. అంతే. కానీ నేసేవాడికి పగలంతా ఊరికే కూచోవడమంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడమే. నాలుగు ఇళ్లవాళ్లకు అట్లా అయ్యేసరికి సాలెవాడంతా బుచ్చిరాములు గడపను చూసి పక్కకు నడిచింది.

కిష్టవ్వకు గడప దిగులు అంత లేదు. ఆమె దిగులు బిడ్డ గురించి.

బిడ్డకు ఇంకా తొట్టెల కాలేదు. పుట్టిన ఇరవై ఒకటో దినం అయిదుగురు ముత్తయిదువలు వచ్చి, తొట్టె కింది నుంచి పైనుంచి బిడ్డను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని, పడుకోబెట్టి, చెవిలో పేరు చెప్పాలి. ఆ పొద్దు అత్త దేవవ్వ పెద్ద గంజు నిండా శెనగ గుడాలు ఉడకబెట్టి, గడప కడిగి, పసుపు పెట్టి ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. సాయంత్రానికి గుడాలు పులిసి, ఇల్లంతా ఆ పులుపు వాసన నిండింది. ఇరవై ఒకటి తప్పితే మూడో నెల. మూడో నెలా దాటితే ఆ ఇంటి ఆనవాయితీలో ఇక తొట్టెల లేదు, తొట్టె ఎక్కని బిడ్డకు పేరు లేదు.

పేరు లేని బిడ్డ అంటే ఏమిటో కిష్టవ్వకు తెలుసు. బుచ్చిరాములు జైల్లో ఉండగా మొదటి కాన్పు అయింది. ఇరవై ఒకటో దినం రాకముందే ఆ పిల్లవాడు పోయాడు. గోదావరి ఇసుకలో పెట్టి వచ్చారు. ఇంటికొచ్చి ఏడవబోతే ఏమని పిలిచి ఏడవాలో ఆమెకు తెలియలేదు. నోరు తెరిచి, పేరు దొరక్క, అట్లాగే మూసుకుంది. ఆ మూసుకున్న ఏడుపు ఇంకా గొంతులోనే ఉంది.

ఇప్పుడు కార్తీకం సగం అయింది. మూడో నెల నిండడానికి ఇంకా కొన్ని దినాలే మిగిలాయి.

పాలిచ్చే తల్లి నిద్ర నిద్ర కాదు. కండెలు చుడుతూ రాట్నం ముందే కన్ను మూతపడేది. రాట్నం తిరిగేది, చెయ్యి తిప్పేది, కిష్టవ్వ మాత్రం అక్కడ ఉండేది కాదు. ఆ కునుకులో ఇల్లు ఎదురరుగు మీద నుంచి కనబడేది. తన ఇంటిని తానే అంబదాసు కళ్లతో చూసేది. తలుపు సందులోంచి దేవవ్వ వీపు, దండెం మీద తడి బట్టలు, పొగ. అందులో ఒక ఆడమనిషి అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. ఎవరీమె, ఎందుకింత తొందరగా నడుస్తుంది, ఏం దాస్తుంది అనుకునేది కిష్టవ్వ. తర్వాత ఆ మనిషి తానేనని తెలిసి మెలకువ వచ్చేది.

మెలకువలో కూడా అదే తీరు. బిడ్డకు జోల పాడబోయి, పాట అరుగు దాకా పోతుందని గొణుగుడులోకి దించేది. మొగుడి మీద కోపం వస్తే గుసగుసగా కోపపడేది. గుసగుసగా తిడితే అది తిట్టులా ఉండదు గనక బుచ్చిరాములు నవ్వబోయేవాడు, నవ్వు వినబడుతుందని ఆపుకునేవాడు. అట్లా ఆ ఇంట్లో కోపమూ నవ్వూ రెండూ సగం సగమే మిగిలాయి.

"చూస్తే చూడనియ్యి. మనమేమన్న దొంగతనం చేస్తున్నమా? తప్పు చేయనోళ్లకు ఫికరెందుకు?" అనేది దేవవ్వ.

"తప్పు చేస్తలేనత్తా. కానీ ఆయన చూస్తాంటే నా చేతులు నా చేతుల లెక్క ఉంటలేవు. కండె చుడుదామంటే పోగు తెగుతాంది."

"జైల్ల గోడలుండె. గీడ లేవు. గంతే ఫరక్" అన్నాడు మగ్గంలోంచి బుచ్చిరాములు. ఆ మాట అనడానికి పడుగులో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు.

"బుచ్చిరాములూ! ఉన్నవా?"

"ఉన్ననయ్యా, ఏడికి పోత!"

మరునాడు కిష్టవ్వ బిందె తీసుకుని బావికి పోయింది. యాదవ్వ, బుచ్చవ్వ చేదుతున్నారు. యాదవ్వది పక్కిల్లు, కిష్టవ్వకంటే నాలుగేళ్లు పెద్ద. బుచ్చవ్వ వాడలో అందరికంటే పెద్ద ముత్తయిదువ. పండ్లూడినా నోరు ఊరుకోదు.

"అక్కా, శనివారం తొట్టెల పెట్టుకుందామనుకుంటున్న. జర వచ్చిపోరాదు?" అంది కిష్టవ్వ.

యాదవ్వ చేద తాడును కాలికింద తొక్కి పట్టుకుంది. "చెల్లె, నన్ను అడుగకు. నేను నీ ఇంటికి రాకముందుకే మా ఆయన ఠాణాల కూసొచ్చిండు. వస్తె ఇంకెంత కూసోవాల్నో!"

బుచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు రావడంలో తప్పు లేదు. శ్రావణంలో పురిటింటికి కారం పొడి ఇవ్వడానికి వచ్చి పోయింది బుచ్చవ్వ. "ఎవరి మనిషివి బాయీ?" అని అడిగాడు అంబదాసు. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ వాడలో ఏ ఆడమనిషీ పలకదు. బుచ్చవ్వ గడ్డంతో ఇళ్ల వరస దిక్కు చూపి, "గాయన" అని సాగిపోయింది. ఆ వరసలో అంబదాసు కంటికి ముందుగా ఆనిన ఇల్లు యాదవ్వది. ఆమె మొగుడు భూమన్న మరునాడు పగలంతా ఠాణా వసారాలో కూచుని, ఎందుకు కూచున్నాడో తెలియకుండానే తిరిగి వచ్చాడు.

"గాయనకు నా మొగడు మంచిగ కనబడ్డట్టు లేదే. నీ మొగడే సొగసుగ కనబడ్డడు" అంది బుచ్చవ్వ.

"నవ్వు, నీకేం పోయింది! మడిచి పెట్టిన పడుగు ఆ దినం బూజు పట్టె. నువ్వు పోయినవు, మా ఆయన కూసుండె. గిదేం లెక్క?" యాదవ్వ మొహం ఎర్రబడింది. బిందె ఎత్తుకుని పోతూ, నాలుగడుగుల తర్వాత వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "బిడ్డ మంచిగున్నదా?" అని అడిగింది.

"ఉన్నది."

"ఎవరి లెక్కున్నది?"

"వచ్చి చూడు" అందామనుకుంది కిష్టవ్వ. అనలేదు. ఆ అడిగిన గొంతులో నిజంగా చూడాలనే ఆశ ఉంది. ఆ ఆశ ఎదురరుగు వైపు చూసి వెనక్కి తగ్గడం కూడా కళ్ల ముందే జరిగింది.

ఆ మధ్యాహ్నం ఎండ తెల్లగా, మగతగా ఉంది. మగ్గం చప్పుడు దూరంగా ఎవరో నీళ్లు కొడుతున్నట్టు వస్తోంది. కిష్టవ్వ బిడ్డను భుజాన వేసుకుని, చెంబుతో నీళ్లు పట్టుకుని వీధి దాటింది. ఎప్పుడు దాటిందో తనకే తెలియదు. అరుగు కింద నిలబడి ఉంది, చెంబు చాచి ఉంది.

అంబదాసు ఆశ్చర్యంగా చెంబు అందుకుని, ఎత్తి గటగట తాగాడు. దగ్గర నుంచి చూస్తే ఆ కళ్లు మామూలు కళ్లే. చివర పుసి కట్టి, ఎండకు నీరు కారుతూ ఉన్నాయి.

"అన్నా, ఒక మాట అడుగుత. నేను ఓటేసిన దినం నువ్వు బడికాడ ఉంటివి గదా?"

"ఉంటి బాయీ. డ్యూటీ."

ఆ చలికాలం పొద్దు కిష్టవ్వకు కల వచ్చినంత స్పష్టంగా గుర్తు. బడి గదిలో ఒక మూలన గుడ్డ కట్టారు. చేతికి కాగితం ఇచ్చి ఆ గుడ్డ వెనక్కి పొమ్మన్నారు. లోపల బొమ్మలు అంటించిన డబ్బాలు వరసగా ఉన్నాయి. కిష్టవ్వ వెంటనే కాగితం వెయ్యలేదు. ఊరికే నిలబడింది. అత్త లేదు, మొగుడు లేడు, వీధి లేదు. పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరు చూస్తూ ఉండగానే బతికిన ఒళ్లు, ఒక్కసారిగా ఎవరి చూపూ లేక తేలిపోయింది. గుడ్డ నుంచి గంజి వాసన వచ్చింది. కడుపులో అప్పటికి మూడో నెల. ఇక్కడే ఇంకాసేపు ఉంటే బాగుండును అనిపించింది. బయట ఎవరో దగ్గితే గాని కాగితం వెయ్యాలని గుర్తు రాలేదు.

"గా దినం లోపటికి తొంగి చూడబోయిన ముసలామెను నువ్వే ఆపితివి. 'చూడద్దు, ఎవరూ చూడద్దు, నేను గూడ చూడద్దు' అంటివి" అంది కిష్టవ్వ.

"అవ్, కానూన్ గది."

"గుడ్డ ఎన్కకు పోయినప్పుడు నన్ను నమ్మిన సర్కారు, నేను ఇంటికొచ్చినంక నమ్మదా అన్నా? గామె ఎవరు, గీమె ఎవరు? ఓటేసింది నేనే, గీ ఇంట్ల ఉన్నదీ నేనే."

అంబదాసు చెంబును అరుగు మీద పెట్టి దాని అంచును వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకొక తమ్ముడుండె బాయీ. ఆసిఫాబాదు దిక్కు అడవి చౌకీల నౌకరి. ఒకనాడు పట్టపగలు నలుగురు వచ్చిన్రు, నీళ్లడిగిన్రు. గిట్లనే, నువ్వు నాకిచ్చినట్టే చెంబుతోని ఇచ్చిండు. తాగినంక చంపిన్రు. గా నలుగురి మీద ముందుగల్ల ఎవడన్న ఒక కన్నేసి ఉంచితే నా తమ్ముడు ఉంటుండె. గందుకే నేను గీ పని చిన్నతనమనుకోను."

భుజం మీద బిడ్డ వెచ్చగా ఊపిరి తీస్తోంది.

"నీ తమ్ముని పేరేంది?"

"గణపత్." ఆ పేరు చెప్పడంతోనే అతని గొంతు మారిపోయింది.

"గణపత్" అని తానూ ఒకసారి అంది కిష్టవ్వ. "అన్నా, గణపత్‌ను చంపినోళ్లను చూడాలె. గట్టిగ చూడాలె. నేను కాదన. కానీ నా బిడ్డను ఎత్తుకునేటోళ్లను చూస్తే ఏమొస్తది?"

"నాకేం ఎర్క? అందరినీ చూడుమన్నడు అమీన్ సాబ్."

"అందరినీ చూసుకుంట కూసుంటే, చంపేటోణ్ణి ఎప్పుడు చూస్తవ్?"

అతను ఖాళీ చెంబును ఆమె దిక్కు జరిపాడు. కిష్టవ్వ అక్కడితో ఆగలేదు. "శనివారం తొట్టెల పెట్టుకుంట. నువ్వు ఒక్క పూట రాకు."

"రాకుంటే నన్ను చూసెటోడు వేరే ఉన్నడు బాయీ" అన్నాడు అంబదాసు. వీధి మలుపు దిక్కు కన్నైనా తిప్పకుండా అన్నాడు. "ఇంట్లకు పోయినోళ్లను చెప్పాలె. చెప్పకుంటే నా నౌకరి పోతది. నేను అబద్ధం చెప్ప. గంతే."

ఇంటికి వచ్చి కిష్టవ్వ బిడ్డను పడుకోబెట్టి, తానూ పక్కన ఒరిగింది. కళ్లు మూస్తే తెల్లని పడుగు కనబడింది, వీధి పొడుగునా సాగదీసి. దానికి అటూ ఇటూ వాడంతా నడుస్తోంది. అందరి చేతుల్లో కుంచెలు ఉన్నాయి, ఒకచోట కుంచెకు బదులు ఎవరి చేతుల్లోనో బిడ్డ ఉంది. కళ్లు తెరిచేసరికి ఆ కల పోలేదు, ఇంటి కప్పు కింద అట్లాగే నిలబడింది.

ఆ వాడలో పడుగు ఎవరిదైనా ఇంటికొక జత చేతులు రావాలి. పొద్దు పొడవకముందే వీధిలో పాతిన గుంజలకు పడుగు సాగదీసి, గంజి పట్టించి, తడి ఆరేలోగా అటొకరు ఇటొకరు పట్టుకుని పోగుల మీద పొడుగాటి కుంచె లాగాలి. ఒక్క ఇంటితో అయ్యే పని కాదు గనక ఎంత పగ ఉన్నా ఎవరూ మానరు. బుచ్చిరాములు పడుగుకు కూడా మానలేదు. గడప ఎక్కకుండా, ఆ ఇంటి నీళ్లు ముట్టకుండా, పని చేసి పోయేవాళ్లు. అంబదాసు దాన్ని పట్టించుకునేవాడు కాదు. అతని కట్టడి ఇంట్లోకి పోయేవాళ్ల మీద. వీధి అందరిదీ.

కిష్టవ్వ లేచి మగ్గం దగ్గరికి పోయింది.

"ఇగో, కొత్త పడుగు ఎప్పుడు సాగదీస్తున్నవ్?"

"ఎల్లుండి, శనివారం పొద్దుగాల."

"తొట్టెల గూడ గప్పుడే. గదే గుంజలకు. నడి వీధిల."

బుచ్చిరాములు నాడె పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచి ఆమె మొహంలోకి చూశాడు. అర్థమవుతున్న కొద్దీ అతని మీసాలు కదిలాయి. తర్వాత ఆపుకోకుండా, గొంతెత్తి నవ్వాడు.

"బుచ్చిరాములూ! ఉన్నవా?"

"ఉన్న, ఉన్న! నవ్వుతున్న!"

దేవవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "నడి వీధిల పసిదాన్ని ఊపుతరా? దిష్టి తాకదా? పది మంది కండ్లు పడ్తయి."

"మూడు నెలల సంది పడుతనే ఉన్నది గదత్తా దిష్టి. గా పది మందివి గూడ పడనియ్యి. దానికి ఇది విరుగుడు కావచ్చు."

శనివారం పొద్దున గోదావరి మీది నుంచి వచ్చిన మంచు వాడలోకి దిగి కదలకుండా నిలబడింది. గుంజకూ గుంజకూ మధ్య సాగదీసిన పడుగు ఆ మంచులోంచే పుట్టి ఆ మంచులోకే పోతున్నట్టు ఉంది. మనుషులు నడుములదాకా కనబడుతున్నారు, కాళ్లు లేవు. గంజి కుండ నుంచి ఆవిరి లేచి మంచులో కలుస్తోంది. కుంచెలు సర్రుసర్రుమంటున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. పడుగు చివర, గడపకు పది అడుగుల ఇవతల, రెండు గుంజల మీద వేసిన అడ్డకర్రకు దేవవ్వ పాత చీర ఒకటి తొట్టెలా వేలాడుతోంది.

అందరూ దాన్ని చూశారు. చూడనట్టు కుంచెలు లాగారు.

కిష్టవ్వ బిడ్డను ఎత్తుకుని తొట్టె పక్కన నిలబడింది. దేవవ్వ విధవ మనిషి గనక గడప లోపలే ఉండి తొంగి చూస్తోంది. బుచ్చిరాములు గంజి చేతులతో పడుగు నడిమధ్య ఉన్నాడు. కిష్టవ్వ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. బిడ్డను కొంచెం ముందుకు చాచింది, అంతే.

మొదట బుచ్చవ్వ కుంచె పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఇటియ్యి పిల్లా, ఎంతసేపు మోస్తవ్" అంది.

అరుగు మీద అంబదాసు లేచి నిలబడ్డాడు. దిగి వచ్చాడు. పడుగునూ తొట్టెనూ గడపనూ మార్చి మార్చి చూశాడు.

"బాయీ, గిది ఇంట్లకు వచ్చినట్టా, కానట్టా?"

"గడప ఏడున్నదో చూడరాదు. చూసే నౌకరే గదా నీది!" అంది బుచ్చవ్వ.

పడుగుకు అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పడుగు వెంట ఇటు చివరిదాకా పాకింది. నవ్వు వెనకే ఒకరు వచ్చారు, ఆమె వెనక మరొకరు. నలుగురయ్యారు. బిడ్డ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, తొట్టె కిందనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి పోతోంది. ఏడవడం లేదు. మంచులో కళ్లు పెద్దవి చేసుకుని ప్రతి మొహాన్నీ చూస్తోంది. మూడు నెలల్లో అన్ని మొహాలు అది చూడటం ఇదే మొదలు.

అయిదో మనిషి లేదు.

యాదవ్వ పడుగు అవతలి చివర కుంచె పట్టుకుని నిలబడి ఉంది. గంజి ఆరుతోంది. భూమన్న ఆమె ఎదురుగా, కుంచె ఇంకో కొస పట్టుకుని ఉన్నాడు. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకోవడం లేదు. నాలుగో ఆమె బిడ్డను పట్టుకుని, ఎవరికి ఇవ్వాలో తెలియక చేతులు చాచే ఉంది. చాచిన ఆ చేతుల వంకే కిష్టవ్వ చూస్తోంది. మొదటి బిడ్డను ఇసుకలో దించినప్పుడు కూడా ఇట్లాగే ఎవరివో చేతులు చాచి ఉన్నాయి.

యాదవ్వ కుంచె వదిలేసింది.

పడుగు పక్కనుంచి, మంచులోంచి, ఆమె పొడుగు పొడుగు అడుగులు వేసుకుంటూ వచ్చింది. ఆమె అంబదాసు పక్కనుంచి పోతుంటే, అలవాటున అతని నోట ఆ మాట వచ్చేసింది.

"ఎవరి మనిషివి బాయీ?"

యాదవ్వ ఆగింది. కొంగు మొహం మీదికి లాక్కోలేదు.

"భూమన్న మనిషిని" అంది. వాడంతా వినబడేటట్టు. "నా మొగని పేరు భూమన్న. గీసారన్న తప్పు పోకుంట చెప్పు."

సర్రుమంటున్న కుంచెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ వాడలో ఒక ఆడమనిషి నోట మొగుడి పేరు బయట పడటం అక్కడున్న ఎవరూ విని ఎరగరు. గడప లోపల దేవవ్వ రెండు చెవులూ మూసుకుంది. అవతలి చివర భూమన్న మొహం, చెవులు, మెడ ఎర్రబడ్డాయి. కుంచెను ఒక్కడే ఎత్తి పట్టుకుని, ఎవరి దిక్కూ చూడకుండా, "పిలిస్తె పోత తియ్యి. ఇగ గంజి ఆరుతాంది, చూసుకుంట నిలబడ్డరేంది!" అన్నాడు.

కుంచెలు మళ్లీ కదిలాయి. నవ్వులు కుంచెల కింద దాక్కున్నాయి. యాదవ్వ బిడ్డను అందుకుని, మొహం మొహానికి ఆనించి, వాసన చూసి, "నీ ముక్కే చెల్లె. మొత్తం నీ ముక్కే" అంది. చీర తొట్టెలో పడుకోబెట్టింది. అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు వంగి, బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి పేరు చెప్పారు. కిష్టవ్వ నిన్న బావి దగ్గర బుచ్చవ్వకు చెప్పి ఉంచిన పేరు, బుచ్చవ్వ నోటి నుంచి మిగతా నలుగురికీ అందిన పేరు. చివరికి కిష్టవ్వ వంగింది. గొంతులో ఏళ్లుగా మూసుకుని ఉన్నది ఆ చిన్న చెవిలోకి పేరుగా జారిపోయింది. పిల్ల కితకితలు పెట్టినట్టు మెడ ముడుచుకుంది.

అంబదాసు రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"ఏం పేరు పెట్టిన్రు?"

కిష్టవ్వ తొట్టె తాడు పట్టుకుని లేచి నిలబడింది.

"చెప్ప."

"అమీన్ సాబ్ అడుగుతడు బాయీ."

"చూసింది చెప్పన్నా. అయిదుగురు వచ్చిన్రని చెప్పు, తొట్టెల అయిందని చెప్పు. పేరు నువ్వు వినలే. వినలేదనే చెప్పు. నువ్వు అబద్ధం చెప్పనంటివి గదా."

"రేపు నువ్వు పిలుస్తవ్, నేను వింట."

"రేపటిది రేపు. ఇయ్యాల ఇది దాని చెవిలనే ఉండనియ్యి."

అంబదాసు తలపాగా సర్దుకున్నాడు. తొట్టెలోకి వంగి చూశాడు. చూడాలని ఎవరూ చెప్పని చూపు అది. బిడ్డ అతని తలపాగా అంచును చూసి కాళ్లు ఆడించింది. అతను నిటారుగా లేచి, ఠాణా దిక్కు కొంతదూరం నడిచి, ఇంకా వేళ కాలేదని గుర్తొచ్చినట్టు ఆగి, తిరిగి వచ్చి అరుగు మీదే కూచున్నాడు. రాత్రి అతను ఏం చెబుతాడో, పొద్దున ఎవరెవరికి పిలుపు వస్తుందో ఎవరికీ తెలియదు. బుచ్చిరాములు పడుగు మీది నుంచి ఒకసారి అతని దిక్కు చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

మంచు పలచబడింది. పడుగు ఆరి, తెల్లగా బిగిసి, ఎండలో మెరవడం మొదలైంది. ఆడవాళ్లు చేతులు కడుక్కోవడానికి బావి దిక్కు మళ్లారు. యాదవ్వ మాత్రం మళ్లలేదు. కిష్టవ్వ ఇంటి గడప ముందు నిలబడి ఆలోచిస్తోంది.

"ఏందక్కా?"

"ఏం లేదు. పేరు ఎట్లనో చెప్పిన, రేపు ఆయన కూసునేది కూసునుడే. ఇగ ఇంట్లకు పోకుంటే నాకే నష్టం గదా" అంది యాదవ్వ. "నీ అత్తను అడుగు, గుడాలున్నయా అని."

గంజి అంటిన పాదాలతో గడప దాటి లోపలికి పోయింది. "ఓ దేవవ్వా, చెవులు తియ్యి, ఇగ ఏమనను" అన్న మాట లోపలి నుంచి వినబడింది. వెనకే బుచ్చవ్వ పోయింది. చూసి చూసి మిగతా ముగ్గురూ బావి దగ్గరి నుంచి వెనక్కి తిరిగారు. లోపల గంజు మూత చప్పుడైంది. ఎవరో పెద్దగా అరిచి దేవవ్వను ఏడిపిస్తున్నారు, దేవవ్వ అంతకంటే పెద్దగా తిడుతోంది.

కిష్టవ్వ వీధిలోనే ఉండిపోయింది. గడప మీద గంజి పాదాల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. ఎండ తొట్టె మీదికి వచ్చింది. బిడ్డ మొహం మీద పడకుండా చీర అంచును కొంచెం ఇవతలికి లాగి, గొంతు దించకుండా జోల ఎత్తుకుంది. అరుగు దిక్కు చూడాలని ఆమెకు గుర్తు రాలేదు.